పనుల జాబితా యాప్‌లు: మన డేటాను మనం తీసుకోగలమా?

గత నెల ఈ శీర్షికలో ఒక మాట రాశాను. టాస్క్ యాప్‌ను ఎంచుకునేటప్పుడు దాని రంగులూ హంగులూ చూసేముందు, అందులో పెట్టిన డేటా మళ్లీ బయటకు వచ్చే దారి ఉందో లేదో, ఆ దారి మనం రాసుకునే స్క్రిప్టులకు, అంటే చిన్న ప్రోగ్రాములకు, కూడా తెరిచి ఉందో లేదో చూడమన్నాను. దాని మీద చాలా ఉత్తరాలు వచ్చాయి. పదిమందికీ పనికివచ్చే వాటికి ఇక్కడ సమాధానం ఇస్తున్నాను.

ప్రశ్న: అయ్యా, నేను చాలా ఏళ్లుగా ఒక టాస్క్ యాప్ వాడుతున్నాను. సేవను త్వరలో ఆపివేస్తున్నామని ఆ సంస్థ ఈమెయిల్ పంపింది. నా డేటా మొత్తాన్ని సీఎస్‌వీ ఫైలుగా దించుకున్నాను. దాన్ని ఎక్సెల్‌లో తెరిస్తే ఆంగ్లం సరిగానే ఉంది గానీ తెలుగంతా అర్థంకాని గుర్తులుగా మారిపోయింది. ఫైలు పాడైపోయినట్టేనా? తెరచిత్రం జతచేస్తున్నాను.
— ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: మీ ఫైలు పాడవలేదు, కంగారుపడకండి. మీరు పంపిన తెరచిత్రంలో తల మీద వాలుగీత ఉన్న ఆంగ్ల 'ఎ' అక్షరం, దాని పక్కన డిగ్రీ గుర్తు గానీ ప్లస్-మైనస్ గుర్తు గానీ, ఆ వెనుక మరేదో గుర్తు, ఈ వరసే మళ్లీ మళ్లీ కనిపిస్తోంది. అక్షరాలను కంప్యూటరులో అంకెలుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ప్రతి తెలుగు సంకేతానికీ మూడు బైట్లు పడతాయి. వాటిలో మొదటి బైటు తెలుగు మొత్తానికీ ఒకటే; రెండో బైటు రెండు రకాల్లో ఏదో ఒకటి; మూడోది మాత్రమే అక్షరాన్ని బట్టి మారుతుంది. ఎక్సెల్ ఆ ఫైలును యూటీఎఫ్-8 అని గుర్తించక, పశ్చిమ ఐరోపా భాషల పాత పట్టిక ప్రకారం ఒక్కో బైటునూ ఒక్కో అక్షరంగా చదివింది. అందుకే ఒక్క తెలుగు అక్షరం మూడు వింత గుర్తులయింది. తెలుగువాళ్లలో చాలామంది ఈ దశలోనే ఫైలు పోయిందనుకుని చెరిపేస్తున్నారు. అలా చేయకండి.

ఫైలు పేరు మీద రెండుసార్లు నొక్కి తెరవడం మానండి. ఎక్సెల్‌లో ఖాళీ షీటు తెరిచి, డేటా మెనూలో 'ఫ్రమ్ టెక్స్ట్/సీఎస్‌వీ' ఎంచుకుని, ఫైల్ ఆరిజిన్ అని ఉన్నచోట 65001 అంకెతో కనిపించే యూనికోడ్ యూటీఎఫ్-8 ఎంచుకోండి. తెలుగు తెలుగుగానే వస్తుంది. లిబ్రేఆఫీస్ అయితే ఫైలు తెరిచేటప్పుడే అక్షరాల పద్ధతి ఏమిటని అడుగుతుంది. గుర్తులుగా కనిపిస్తున్న స్థితిలో మాత్రం పొరపాటున కూడా సేవ్ నొక్కవద్దు. అలా నొక్కితే తప్పు చదువు కాస్తా తప్పు రాతగా మారి, తిరిగి సరిచేయడం కష్టమవుతుంది. అసలు ఫైలుకు ఒక నకలు తీసి పక్కన పెట్టి, ఆ నకలు మీదనే పని చేయండి.

ఇక అంతకన్నా ముఖ్యమైన సంగతి. సీఎస్‌వీ అంటే వరసలూ నిలువులూ తప్ప మరేమీ కాదు. ఒక పని కింద మరో పని, దాని కింద ఇంకొకటి ఉన్నప్పుడు ఆ సంబంధాన్ని అది తనంతట తాను నిలుపుకోలేదు. సేవ ఆగిపోయేలోగా మీ ఫైలును యాప్ పక్కన పెట్టుకుని పోల్చి చూడండి. ఉపపనులు ఏ పనికి చెందినవో తెలుస్తోందా? పూర్తయిన పనులు కూడా వచ్చాయా, మిగిలినవి మాత్రమే వచ్చాయా? 'ప్రతి నెలా మొదటి సోమవారం' వంటి పునరావృత్తి నియమం వచ్చిందా, లేక తరువాతి తేదీ ఒక్కటే వచ్చిందా? పని కింద రాసుకున్న వివరణలు, జతచేసిన రసీదుల ఫొటోలు వచ్చాయా? ఫొటోలు సీఎస్‌వీలో ఇమడవు కనుక వాటిని విడిగా దించుకోవలసిందే. అదే యాప్ జేసన్ అనే పాఠ్యరూపపు ఫైలు కూడా ఇస్తుంటే దాన్నీ తీసుకోండి. ఒకదాని కింద ఒకటి ఉన్న అమరికను జేసన్ యథాతథంగా దాచుకోగలదు. దాన్ని తెరిచినప్పుడు తెలుగుకు బదులు వెనక్కి వాలిన గీత, యు అక్షరం, నాలుగు అంకె-అక్షరాలు కనిపిస్తే భయపడవద్దు. యూనికోడ్ సంకేతాలను రాసే పద్ధతుల్లో అదొకటి. జేసన్ తెలిసిన ఏ ప్రోగ్రామ్ చదివినా తిరిగి తెలుగే వస్తుంది.

మూతపడటం అరుదైన విషయమేమీ కాదు. బెర్లిన్‌లో పుట్టిన వండర్‌లిస్ట్‌ను 2015లో మైక్రోసాఫ్ట్ కొని, 2020 మే 6న మూసివేసింది. తన సొంత టు డూ యాప్‌లోకి జాబితాలను తెచ్చుకునే ఏర్పాటు మాత్రం చేసింది. ఆండ్రాయిడ్‌లో బాగా నడిచిన ఆస్ట్రిడ్‌ను 2013 మే నెలలో యాహూ కొంది, ఆగస్టు 5 నాటికి ఆ సేవ ఆగిపోయింది. అయితే ఆస్ట్రిడ్ కోడ్ అప్పటికే అందరికీ తెరిచి ఉంది. ఆ కోడ్‌నే తీసుకుని మొదలైన టాస్క్స్.ఆర్గ్ అనే యాప్ ఇప్పటికీ నడుస్తోంది. కంపెనీ పోయినా పనిముట్టు మిగలడమన్నది కోడ్ తెరిచి ఉండబట్టే సాధ్యమైంది. మీరు తరువాత ఏ యాప్‌కు మారినా ఈ రెండు ఉదాహరణలనూ మనసులో పెట్టుకుని ఎంచుకోండి.

ప్రశ్న: ఎక్స్‌పోర్ట్ బటన్ ఉంటే చాలదా? ఏపీఐ కూడా ఉండాలని మీరు ఎందుకు పట్టుపడుతున్నారు?
— ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: ఎక్స్‌పోర్ట్ మీరు బటన్ నొక్కిన క్షణానికి ఉన్న స్థితిని ఇస్తుంది. మళ్లీ కావాలంటే మళ్లీ మీరే నొక్కాలి, ఆ నొక్కడమే మనం మరిచిపోతాం. ఏపీఐ అంటే మరో ప్రోగ్రామ్ వచ్చి అడిగితే యాప్ ఒక నిర్ణీత రూపంలో జవాబు చెప్పే ఏర్పాటు. మీరు నిద్రపోతున్నప్పుడు కూడా ఒక చిన్న స్క్రిప్ట్ వెళ్లి కొత్త పనులను తెచ్చి దాచగలదు. అంతే కాదు, యాప్‌లోకి పనులను చేర్చగలదు, పూర్తయినట్టు గుర్తు పెట్టగలదు. ఎక్స్‌పోర్ట్‌తో అది కుదరదు. పోతే, కొన్ని సేవలు తమ ఎక్స్‌పోర్ట్ ఫైలును తిరిగి తామే లోపలికి తీసుకోలేవు. వాడకం మొదలుపెట్టిన వారంలోనే నాలుగు పనులతో ఒక జాబితా తయారుచేసి, బయటకు తీసి, తిరిగి లోపలికి పంపి చూస్తే ఆ యాప్ సంగతి మీకు తెలిసిపోతుంది.

ప్రశ్న: మాది విజయవాడలో చిన్న పన్నుల కార్యాలయం. నెలనెలా ఖాతాదారులందరికీ జీఎస్‌టీఆర్-1, జీఎస్‌టీఆర్-3బీ రిటర్నుల గడువులనూ టీడీఎస్ చెల్లింపు గడువులనూ గూగుల్ టాస్క్స్‌లో చేత్తో ఎక్కిస్తున్నాము. మా దగ్గర ఖాతాదారుల పేర్లతో గూగుల్ షీటు ఉంది. దాని నుంచి పనులు వాటంతట అవే తయారయ్యేలా చేయవచ్చా? మా అబ్బాయి ఏదో స్క్రిప్ట్ రాశాడు గానీ 20వ తేదీ గడువులన్నీ 19గా పడుతున్నాయి.
— ఒక పన్నుల సలహాదారు, విజయవాడ

జవాబు: చేయవచ్చు, దానికి అదనంగా ఏమీ కొనవలసిన పని లేదు. గూగుల్ యాప్స్ స్క్రిప్ట్ 2009 నుంచి ఉంది; జావాస్క్రిప్ట్‌లో రాస్తాము, గూగుల్ సర్వర్ల మీదనే నడుస్తుంది. మీ షీటులో ఎక్స్‌టెన్షన్స్ మెనూలోకి వెళ్లి యాప్స్ స్క్రిప్ట్ తెరిచి, ఎడమపక్క సర్వీసెస్ దగ్గర టాస్క్స్ ఏపీఐని చేర్చుకుంటే, షీటులోని ప్రతి వరసనూ చదివి ఒక పనిగా మార్చడం కొద్ది వరసల కోడ్‌తో అయిపోతుంది. ట్రిగ్గర్స్ దగ్గర నెలవారీ సమయం పెట్టుకుంటే ప్రతి నెలా ఒకటో తేదీన అది తనంతట తానే నడుస్తుంది.

మీ 20వ తేదీ 19గా ఎందుకు పడుతోందో ముందు చెబుతాను, ఎందుకంటే గడువుల వృత్తిలో ఒక్క రోజు తేడా చిన్నది కాదు. మీ అబ్బాయి జూన్ 20 అని తేదీ తయారుచేసి, దాన్ని 'టు ఐఎస్ఓ స్ట్రింగ్' అనే ఫంక్షన్‌తో వాక్యరూపంలోకి మార్చి పంపినట్టున్నాడు. ఆ తేదీ మన కాలమానంలో జూన్ 20 అర్ధరాత్రి సున్నా గంటలు. ఆ ఫంక్షన్ దాన్ని అంతర్జాతీయ కాలమానానికి మారుస్తుంది. మనం అయిదున్నర గంటలు ముందున్నాము కనుక అది జూన్ 19 సాయంత్రం 18:30 అవుతుంది. గూగుల్ టాస్క్స్ ఏపీఐ గడువులో తేదీని మాత్రమే ఉంచుకుని గంటల భాగాన్ని పారేస్తుంది. మిగిలేది 19. ఇందులో గూగుల్‌దీ మీ అబ్బాయిదీ ఎవరి లెక్కా తప్పు కాదు, రెండు లెక్కలు కలిసినచోట ఒక రోజు జారిపోయింది. మందు తేలిక: తేదీని ఆ ఫంక్షన్‌తో మార్చకుండా, 'యుటిలిటీస్ ఫార్మాట్ డేట్' అనే సౌకర్యంతో కోల్‌కతా కాలమానంలో సంవత్సరం-నెల-రోజు రూపంలో రాయించి, దాని చివర సున్నా గంటలనూ అంతర్జాతీయ కాలమానపు జెడ్ గుర్తునూ చేత్తో అతికించి పంపమనండి. ప్రాజెక్ట్ సెట్టింగ్స్‌లో స్క్రిప్ట్ కాలమానం కూడా కోల్‌కతా అని ఉందో లేదో ఒకసారి చూసుకోండి. గంటల భాగాన్ని ఏపీఐ ద్వారా రాయడమూ చదవడమూ కుదరదు కాబట్టి, 'సాయంత్రం నాలుగులోపు' వంటి షరతు ఉంటే దాన్ని పని పేరులోనే రాయించండి.

గడువు తేదీలను కోడ్‌లో పాతిపెట్టకండి. జీఎస్‌టీఆర్-1కు 11, జీఎస్‌టీఆర్-3బీకి 20, టీడీఎస్‌కు 7 అని స్క్రిప్టులో రాసేస్తే ఈ నెలకు బాగానే ఉంటుంది. కానీ మార్చి నెల టీడీఎస్‌కు గడువు ఏప్రిల్ 30. మూడు నెలలకొకసారి రిటర్ను వేసే క్యూఆర్ఎంపీ ఖాతాదారులకు ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో 3బీ గడువు 22. ప్రభుత్వం అప్పుడప్పుడు గడువు పొడిగిస్తూ ప్రకటనలు ఇస్తుంది. ఇవన్నీ మీకు తెలిసినంతగా కోడ్ రాసేవారికి తెలియవు. అందుచేత గడువులను షీటులో విడిగా ఒక పేజీలో పెట్టి, స్క్రిప్ట్ అక్కడి నుంచి చదివేలా చేయండి. అప్పుడు తేదీ మారితే మీ గుమస్తా గారే మార్చగలరు, కోడ్ ముట్టుకోనక్కరలేదు.

రెండో జాగ్రత్త నకళ్ల గురించి. స్క్రిప్ట్ మధ్యలో ఆగి మళ్లీ నడిచినా, ఎవరైనా పొరపాటున రెండుసార్లు నడిపినా, ప్రతి ఖాతాదారుకూ రెండేసి పనులు పడతాయి. ఒక పని తయారుకాగానే గూగుల్ దానికి ఒక గుర్తింపు సంకేతం ఇస్తుంది. ఆ సంకేతాన్ని వెంటనే షీటులో అదే వరసలో, ఆ నెలలో ఆ గడువుకని పెట్టిన నిలువులో రాయించండి. తరువాతి సారి ఆ గడి నిండి ఉంటే స్క్రిప్ట్ ఆ వరసను దాటిపోవాలి. ఒక్కో నడకకు ఆరు నిమిషాల పరిమితి ఉన్నందువల్ల, ఖాతాదారులు ఎక్కువగా ఉండి పని సగంలో ఆగిపోయినా, మళ్లీ నడిపితే మిగిలిన సగం నుంచే సాగుతుంది.

మూడోది, ఎవరి పనులు పూర్తయ్యాయో తిరిగి షీటులోకి తెచ్చుకునేటప్పుడు ఎదురయ్యే చిక్కు. జాబితాను అడిగితే ఏపీఐ ఒకసారికి మామూలుగా 20 పనులే ఇస్తుంది, అడిగితే 100 వరకు ఇస్తుంది. అంతకు మించి ఉంటే జవాబుతో పాటు 'నెక్స్ట్ పేజ్ టోకెన్' అనే గుర్తు పంపుతుంది. దాన్ని చూపించి తరువాతి పేజీని అడుగుతూ, ఆ గుర్తు రావడం ఆగేదాకా చదవాలి. ఈ మాట తెలియక మొదటి ఇరవైతో ఆగిపోయిన స్క్రిప్టులే ఎక్కువ. అంతేగాక, ఫోనులో గానీ వెబ్‌లో గానీ టిక్కు పెట్టి పూర్తిచేసిన పనులు దాచినవిగా లెక్కకు వస్తాయి కనుక, 'షో హిడెన్' అనే ఐచ్ఛికాన్ని కూడా ఆన్ చేసి అడగకపోతే అవి రానే రావు. పూర్తయిన పనులు ఒక్కటీ కనిపించడం లేదని వచ్చే ఫిర్యాదులకు కారణం చాలావరకు ఇదే.

పునరావృత్తి నియమాన్ని ఈ ఏపీఐ ద్వారా పెట్టే వీలు లేదు. మీ పనికి అది లోటు కాదని నా అభిప్రాయం. ప్రతి నెలా షీటు చూసి కొత్తగా పనులు తయారుచేసుకుంటే, మానుకున్న ఖాతాదారు పేరు షీటులోంచి తీసేసిన మరుక్షణం నుంచి అతని గడువులు రావడం ఆగిపోతాయి. తానే తిరిగి వచ్చే పనికి ఆ తెలివి ఉండదు.

ప్రశ్న: నేను డాలస్‌లో ఉంటాను, అమ్మా నాన్నా గుంటూరులో. ముగ్గురమూ నెక్స్ట్‌క్లౌడ్ అనే సర్వర్ సాఫ్ట్‌వేర్‌లో ఒకే జాబితా వాడుతున్నాము. నాన్నగారి ఆండ్రాయిడ్ ఫోనులో టాస్క్స్.ఆర్గ్ పెట్టాను. నేను పెట్టిన కొన్ని గడువులు అక్కడ మరుసటి రోజుకు కనిపిస్తున్నాయి. నేను జాబితాను దాచుకోవడానికి పైథాన్‌లో ఒక స్క్రిప్ట్ రాసుకున్నాను. అందులో పొడవైన తెలుగు పేర్ల మధ్యలో ప్రశ్నార్థకాలు వస్తున్నాయి. చిన్న పేర్లు బాగానే ఉన్నాయి.
— ఒక పాఠకుడు, టెక్సాస్

జవాబు: మీరు ఎంచుకున్న దారి మంచిది. క్యాలెండర్లనూ పనులనూ యాప్‌లతో పంచుకునేందుకు నెక్స్ట్‌క్లౌడ్ వాడే కాల్‌డావ్ పద్ధతి 2007లో ప్రమాణమైంది. దాని లోపల పనులను రాసే ఐకేలెండర్ రూపం 1998 నాటిది, 2009లో సవరించారు. ఏ ఒక్క కంపెనీ సొత్తూ కాని ఈ రూపంలో ఒక్కో పనీ 'వీటూడూ' అనే పేరుతో ఒక చిన్న పాఠ్యపు ముక్కగా ఉంటుంది. మీ రెండు ప్రశ్నలకూ జవాబు ఆ ముక్క లోపలే ఉంది.

గడువును ఈ రూపంలో రెండు రకాలుగా రాయవచ్చు: వట్టి తేదీగా, లేదా తేదీతో పాటు గంటలతో. వేసవిలో డాలస్ సాయంత్రం 6 గంటలంటే గుంటూరులో మరునాడు తెల్లవారుజాము 4:30. మీరు గంటలతో పెట్టిన గడువు నాన్నగారి ఫోనులో వారి కాలమానానికి మారి మరుసటి రోజున కనిపించడం సహజమే. కరెంటు బిల్లు, బీమా ప్రీమియం వంటివాటికి గంటలు పెట్టకండి, వట్టి తేదీ చాలు. అది ఎక్కడ చూసినా అదే తేదీ. డాక్టరు గారితో వీడియో కాల్ వంటివాటికి మాత్రం గంటలూ కాలమానమూ రెండూ ఉండాలి, ఎందుకంటే మీ దగ్గర గడియారాన్ని నవంబరులో వెనక్కి తిప్పుతారు, మన దేశంలో తిప్పరు.

ప్రశ్నార్థకాల సంగతి తెలుగువాళ్లందరూ తెలుసుకోదగ్గది. ఐకేలెండర్ ప్రమాణం ప్రకారం ఒక వరస 75 బైట్లు దాటకూడదు. దాటితే అక్కడ విరిచి, తరువాతి వరసను ఒక ఖాళీతో మొదలుపెట్టాలి. పని పేరుకు ముందు ఉండే 'సమ్మరీ' అన్న మాట, దాని కోలన్ కలిపి 8 బైట్లు తీసుకుంటాయి. మిగిలేవి 67. ఇప్పుడు 'అమ్మమ్మకు బీపీ మాత్రలు తేవాలి' అన్న పేరు తీసుకోండి. ఒత్తులూ గుణింతపు గుర్తులూ కూడా విడి సంకేతాలే కాబట్టి ఇందులో 26 తెలుగు సంకేతాలు, మూడు ఖాళీలు ఉన్నాయి. మొత్తం 81 బైట్లు. బైట్లు మాత్రమే లెక్కపెట్టి విరిచే ప్రోగ్రామ్ అయితే 67వ బైటు దగ్గర, అంటే 'తే' అక్షరంలోని ఏత్వపు గుర్తు నడిమధ్యలో విరుస్తుంది. ఆ గుర్తు తాలూకు ఒక బైటు ఒక వరసలో, మిగిలిన రెండు కింది వరసలో పడతాయి. మీ స్క్రిప్ట్ ఒక్కో వరసనూ విడిగా యూటీఎఫ్-8గా చదువుతున్నందువల్ల రెండు వైపులా తెగిన ముక్కలు ప్రశ్నార్థకాలయ్యాయి. ఆంగ్లానికి అక్షరానికి ఒక బైటే కనుక అక్కడ ఈ ఇబ్బంది ఎప్పుడూ బయటపడదు. అందుకే రాసినవాళ్లు గమనించలేదు.

ఫైలును ముందు బైట్లుగానే తెరిచి, వరస విరుపునూ దాని వెనుక ఉన్న ఒక్క ఖాళీనీ తీసేసి వరసలన్నీ అతికించి, ఆ తరువాతనే అక్షరాలుగా మార్చండి. లేదా పైథాన్‌లో ఐకేలెండర్ పేరుతో ఉన్న లైబ్రరీకే ఆ పని అప్పగించండి, నేనైతే అదే చేస్తాను. సర్వర్‌లో ఉన్న మీ అసలు డేటా క్షేమంగానే ఉండి ఉంటుంది.

ఇంకొక్క మాట. ఇంట్లో ఎవరైనా ఐఫోన్‌కు మారితే, అందులోని రిమైండర్స్ యాప్‌లో మీ నెక్స్ట్‌క్లౌడ్‌ను కాల్‌డావ్ ఖాతాగా చేర్చండి. పనులను ఐక్లౌడ్‌లో పెడితే మీ స్క్రిప్టుకు అందవు. 2019లో వచ్చిన ఐఓఎస్ 13తో రిమైండర్స్‌ను కొత్త పద్ధతికి మార్చినప్పటి నుంచి ఐక్లౌడ్ జాబితాలు కాల్‌డావ్‌కు దొరకడం ఆగిపోయింది.

ప్రశ్న: నా పనుల జాబితాను ఫైలుగా ఇవ్వమని యాప్ సంస్థను చట్టప్రకారం అడగవచ్చా?
— ఒక న్యాయవాద విద్యార్థిని, హైదరాబాద్

జవాబు: ఐరోపా సమాఖ్యలో 2018 మే 25 నుంచి అమలులో ఉన్న జీడీపీఆర్ అనే వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో 20వ అధికరణం ఆ హక్కు ఇస్తుంది: మీరు ఇచ్చిన డేటాను యంత్రం చదవగల, అందరూ వాడే రూపంలో తిరిగి ఇవ్వాలి. మన దేశంలో 2019 నాటి బిల్లులో అటువంటి నిబంధన ఉండేది. చట్టంగా వచ్చిన 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో అది లేదు. మన గురించి ఏ డేటా ఉందో సారాంశం అడిగే హక్కు, సరిదిద్దమనే హక్కు, తుడిచివేయమనే హక్కు ఉన్నాయి గానీ వేరే యాప్‌కు తీసుకువెళ్లేలా ఇమ్మనే హక్కు లేకపోవడం నా దృష్టిలో పెద్ద లోటు. ఐరోపాలో వ్యాపారం చేసే సంస్థలు ఎక్స్‌పోర్ట్ సౌకర్యాన్ని చాలావరకు అందరికీ ఒకే విధంగా ఇస్తాయి కనుక ఆచరణలో మనకూ దక్కుతోంది; అది హక్కుగా దక్కినది కాదన్న సంగతి మాత్రం మీవంటివారు మరవకూడదు.

ప్రశ్న: ఇన్ని చిక్కులెందుకు, వట్టి టెక్స్ట్ ఫైలులో పనులు రాసుకుంటే సరిపోదా? నాకు లినక్స్ అలవాటే. ఆదేశాలు టైపు చేసి నడిపే టాస్క్‌వారియర్ అనే ప్రోగ్రామ్ కూడా చూస్తున్నాను.
— ఒక ఇంజినీరింగ్ విద్యార్థి, తిరుపతి

జవాబు: ఒంటరిగా పనిచేసేవారికి తప్పకుండా సరిపోతుంది. 2006లో జీనా ట్రపానీ మొదలుపెట్టిన టూడూ డాట్ టీఎక్స్‌టీ పద్ధతి అదే: వరసకు ఒక పని, ప్లస్ గుర్తుతో ప్రాజెక్టు, ఎట్ గుర్తుతో సందర్భం, పూర్తయితే వరస మొదట్లో చిన్న ఎక్స్ అక్షరం. తెలుగులో ఇలా ఉంటుంది:

2025-06-12 ల్యాబ్ రికార్డు మీద సంతకం చేయించాలి +సెమిస్టర్ @కాలేజీ

ఈ వరసను చదవడానికి ఏ యాప్ అక్కరలేదు. 'కాలేజీలో చేయవలసినవి' కావాలంటే గ్రెప్ ఆదేశంతో ఎట్ గుర్తూ కాలేజీ అన్న మాటా వెతికితే వచ్చేస్తాయి. తేదీని సంవత్సరం-నెల-రోజు వరసలో రాయడం వల్ల మామూలు సార్ట్ ఆదేశమే కాలక్రమంలో పేరుస్తుంది. ఫైలును గిట్‌లో పెట్టుకుంటే ఏ రోజు ఏది మార్చారో చరిత్ర అంతా మిగులుతుంది. ఫోనులోనూ ల్యాప్‌టాప్‌లోనూ ఒకేసారి మార్చినప్పుడు రెండు నకళ్లు గొడవపడటమే దీనితో వచ్చే ఇబ్బంది.

టాస్క్‌వారియర్ ఇంకొంత లోతైన పనిముట్టు. ఒక పని చేర్చినప్పుడూ మార్చినప్పుడూ మీ సొంత స్క్రిప్ట్ నడిచేలా హుక్స్ పెట్టుకోవచ్చు. చేరబోయే పనిని జేసన్ రూపంలో మీ స్క్రిప్ట్ చేతికి ఇస్తుంది, మీరు సరిదిద్ది తిరిగి ఇవ్వవచ్చు, వద్దని ఆపివేయవచ్చు. దీని చరిత్రలో మీలాంటివారికి పనికివచ్చే సంఘటన ఒకటి ఉంది. 2024 మార్చిలో వచ్చిన మూడో వెర్షన్‌లో లోపలి నిల్వను టెక్స్ట్ ఫైళ్ల నుంచి ఎస్‌క్యూలైట్ అనే డేటాబేస్‌కు మార్చారు. అంతవరకు ఆ టెక్స్ట్ ఫైళ్లను నేరుగా తెరిచి చదివే స్క్రిప్టులకు ఇక చదవడానికి ఏమీ మిగలలేదు. ఎక్స్‌పోర్ట్ ఆదేశం ఇచ్చే జేసన్‌ను చదివేవి యథాప్రకారం నడిచాయి. పాత వెర్షన్ నుంచి కొత్తదానికి మారడానికి చెప్పిన దారి కూడా ఆ ఎక్స్‌పోర్ట్, ఇంపోర్ట్ ఆదేశాలే. ఫైలు కళ్లెదుట తెరిచి కనిపించినా సరే, రచయితలు బయటివారి కోసమని చెప్పి ఉంచిన ద్వారం నుంచే చదవండి.

ప్రశ్న: మా బృందంలో ఒకరు టాస్క్ యాప్ నుంచి డేటా తెచ్చే స్క్రిప్ట్ రాసి వాట్సాప్ గ్రూపులో పెట్టారు. అందులో ఆయన ఏపీఐ టోకెన్ (పాస్‌వర్డు లాంటి రహస్య సంకేతం) కూడా ఉంది. తరువాత ఆ సందేశం తొలగించారు. ఇబ్బంది ఉందా?
— ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: ఉంది. ఆ టోకెన్ ఎవరి దగ్గర ఉంటే వారు ఆయన పేరున పనులు చదవగలరు; దానికి ఇచ్చిన అనుమతిని బట్టి మార్చగలరు, చెరపగలరు కూడా. సందేశం తొలగించేలోపు ఎవరి ఫోనులో నకలు పడిందో చెప్పలేము. యాప్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఈ రోజే ఆ టోకెన్‌ను రద్దుచేసి కొత్తది తీసుకోమనండి. వీలుంటే చదవడానికి మాత్రమే పనికివచ్చే అనుమతితో తీసుకోవాలి. డేటా తెచ్చుకునే స్క్రిప్టుకు రాసే అనుమతి అక్కరలేదు. గూగుల్ టాస్క్స్‌లో అయితే చదవడానికి మాత్రమే అని విడి అనుమతి ఉంది. కొత్త టోకెన్‌ను స్క్రిప్ట్ లోపల రాయకుండా పక్కన వేరే ఫైలులో పెట్టి, స్క్రిప్ట్ అక్కడి నుంచి చదివేలా మార్చితే, ఆ స్క్రిప్టును ఇక గ్రూపులో నిశ్చింతగా పంచుకోవచ్చు. స్క్రిప్టును గిట్‌లో పెట్టి ఉంటే పాత మార్పుల్లో కూడా ఆ టోకెన్ మిగిలి ఉంటుంది కనుక, ఫైలులోంచి తీసేయడంతో సరిపెట్టుకోక రద్దు చేయడం తప్పనిసరి.